కళ్ళు మూసుకుని తిన్న అన్నం

మా వదిన పోయింది. మా వారికి అక్కగారు. మొన్న చలి తగ్గే రోజుల్లో, పొద్దున్నే కాఫీ పట్టుకుని వెళితే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాను. పలకలేదు. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, పెరట్లో మొహం కడుక్కుంటున్నారు. "లేపమ్మా, మాత్ర వేసుకోవాలి" అన్నారు. గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. పక్షవాతం రెండోసారి వచ్చిందన్నారు డాక్టరుగారు. నిద్రలోనే జరిగిందట, బాధ తెలిసి ఉండదట. అది నిజమో, మా కోసం అన్న మాటో ఆ స్వామికే తెలియాలి.

నేను పదో తరగతి దాకా చదివాను. పెళ్ళయ్యాక రామకోటి తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టానంటే దానికి పెద్దకర్మ రోజు విన్న మాటలే కారణం. షామియానా కింద కూర్చుని అందరూ వదిన వడ్డన గురించి, నోటి దురుసు గురించి చెప్పుకున్నారు. చెప్పుకుని చెప్పుకుని చివరికి నా దగ్గరకు వచ్చారు. "ఈ తల్లి ఇన్ని నెలల పాటు ముద్దలు కలిపి తినిపించింది. ఏ మరదలు చేస్తుందండీ ఈ రోజుల్లో?" అన్నారు. ఒక పెద్దావిడ నా తల నిమిరింది. నేను తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారు. అది అణకువ కాదు. నేను వదినకి ఒక్క ముద్ద కూడా తినిపించలేదు. ఆవిడ తన చేత్తోనే తిన్నది. ఆ సంగతి నోటితో ఎవరికీ చెప్పనని ఆవిడకి మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటాను. కానీ నాది కాని పేరు మోసుకుంటూ దేవుడి ముందు దీపం పెట్టడం నావల్ల కావడం లేదు.

జగ్గయ్యపేటలో మాది ఒకే ఆవరణలో రెండు వాటాల ఇల్లు. ముందు వాటాలో మేము, వెనక వాటాలో వాళ్ళు. అన్నయ్యగారు వయసు మీదపడేదాకా సిమెంటు లారీ నడిపారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఖమ్మంలో కాపురం. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నాకు పని నేర్పిందీ, నా తప్పులు పట్టిందీ వదినే.

"ఏమ్మాయ్, నోట్లో నాలుకుందా, లేదా? ఉప్పు చాలిందో లేదో చెప్పడానికి అంత ఆలోచనా?" అనేది. నేను తల ఊపేదాన్ని. "ఆ తలకాయ ఊపుడే వద్దనేది! గంగిరెద్దు కూడా అంత ఊపదు" అనేది. కష్టంగా ఉండేది మొదట్లో. తర్వాత తర్వాత ఆవిడ ఒక రోజు తిట్టకపోతే ఒంట్లో బాగోలేదేమో అని వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

పెనుగంచిప్రోలు నుంచి నందిగామ దాకా మా చుట్టాల ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా వదిన వడ్డించాల్సిందే. క్యాటరింగువాళ్ళు వచ్చాక కూడా పప్పు బకెట్టు మాత్రం ఆవిడ ఎవరికీ ఇచ్చేది కాదు. ఎడమ చేత బకెట్టు, కుడి చేత గరిటె. విస్తరి మీద ఒక్క చుక్క పక్కకి పడేది కాదు. నాకు వడ్డన నేర్పుతూ ఒక మాట చెప్పింది. "గరిటెని చూడకు. తినేవాళ్ళ మొహం చూడు. చాలనేది నోరు కాదమ్మాయ్, మొహం." నేను ఇప్పటికీ అలాగే వడ్డిస్తాను.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. నిలబడి మాట్లాడుతుంటే ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకునేది. కూర్చుంటే తొడ కింద పెట్టుకునేది. పెద్దల ముందు మర్యాద అనుకునేవాళ్ళం. చిన్నపిల్లల ముందు కూడా అలాగే కూర్చునేదన్న సంగతి మా ఎవరికీ తట్టలేదు.

కిందటేడు ఎండలు ముదురుతున్నప్పుడు డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ పడిపోయింది. బెజవాడ తీసుకెళ్ళాం. దేవుడి దయ వల్ల మాట వచ్చింది, కాలు వచ్చింది. కుడి చేతికి బలం కూడా వచ్చింది. పిడికిలి బిగిస్తే మా వారి వేళ్ళు నలిగేవి. గండం గడిచిందని దణ్ణం పెట్టుకున్నాం. కానీ ఆ చెయ్యి ఎక్కడుందో ఆవిడకి తెలియడం లేదు.

ఈ సంగతి మాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. చూస్తున్నంతసేపూ ఆ చెయ్యి చెప్పిన మాట వినేది. చూపు పక్కకి తిరిగిందంటే తప్పిపోయేది. జడ వేసుకోబోతే భుజం దగ్గరే ఆగి తడుముకునేది. ఒకసారి, "దుప్పట్లో ఏదో ఉంది అమ్మాయ్, తీసెయ్" అంది. దుప్పటి తీసి చూస్తే తన చెయ్యే. ఇద్దరం నవ్వాం. నేను ఇంకా నవ్వుతుండగానే ఆవిడ ఆపేసింది.

అన్నం దగ్గరే అసలు బాధ. పళ్ళెంలో కలపడం వచ్చు. ముద్ద ఎత్తడం వచ్చు. ఆ ముద్ద గడ్డం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కంటి కిందికి దాటిపోతుంది. ఎవరి నోరు వాళ్ళకి కనపడదు కదా. అక్కడ దారి తప్పేది. ముద్ద బుగ్గకి తగిలేది, ముక్కుకి తగిలేది, జాకెట్టు మీద పడేది. అన్నయ్యగారు అద్దం తెచ్చి గోడకి తగిలించారు. "అద్దంలో మూతి చూసుకుంటూ తినడానికి నేనేమన్నా పిచ్చుకనా?" అని దాన్ని గోడవైపు తిప్పేసింది. చెంచా ఇస్తే పళ్ళకి కొట్టుకుని పెదవి చిట్లింది. నేను కలిపి పెడతానన్నాను.

"నోట్లో పెట్టించుకునేది చంటిపిల్లలు, శవాలు. నాకింకా టైముంది" అంది.

ఎడమ చేత్తో తినమని ఆసుపత్రిలో నర్సమ్మ ఒకసారి చెప్పింది. వదిన చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా ఇళ్ళల్లో ఇచ్చేది, పుచ్చుకునేది, తినేది, దేవుడికి హారతి ఇచ్చేది కుడి చెయ్యే. ఎడమ చెయ్యి ఎందుకో చెప్పక్కర్లేదు. అలా తినడం కంటే పస్తే మేలనుకుంది. మజ్జిగ తాగేది, అరటిపండు కొరుక్కునేది. ఖాళీ కడుపున సుగరు మాత్రలు. గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఒకరోజు పంపు దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరుగారు మా వారిని బయటికి పిలిచి, "తిండి లోపలికి వెళ్ళకపోతే ఈవిడ ఎక్కువ కాలం ఉండదు" అని చెప్పేశారు.

అప్పుడు నందిగామలో మందుల షాపు పైన ఉండే ఫిజియో అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాం. ముస్లింల పిల్ల, నెమ్మదైన మాట. మొదటి రోజే, "అమ్మా, మీది ఏ చేతివాటం?" అని అడిగింది. "కుడే" అంది వదిన. మేమందరం కూడా అవునన్నట్టు తలలూపాం. ఆ అమ్మాయి కుడి చేతికే వ్యాయామాలు చేయించడం మొదలుపెట్టింది.

ఒకరోజు కారు మాట్లాడుకుని మా వారూ అన్నయ్యగారూ కూడా వచ్చారు. ఆ అమ్మాయి వదినని కళ్ళు మూసుకోమంది. మోచేతి దగ్గర పట్టుకుని చేతిని కొంచెం పైకి మడిచి, కాసేపు ఉంచి, మళ్ళీ కిందికి దించింది. "ఇప్పుడు మీ అంతట మీరే అక్కడికి తీసుకెళ్ళండమ్మా" అంది. కుడి చెయ్యి ఎక్కడికో పోయింది. "పెట్టేశా" అంది వదిన ధీమాగా. కళ్ళు తెరిచి చూసుకుని తల దించుకుంది. తర్వాత ఎడమ చేతితో చేయించింది. అది సరిగ్గా అక్కడికే వెళ్ళి ఆగింది.

"ఇదేం పరీక్షమ్మా! నేను కళ్ళు మూసుకుని గేర్లు మార్చినోణ్ణి. ఏదీ, నా చెయ్యి పట్టు" అని అన్నయ్యగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయనకీ కుడి చెయ్యి కాస్త తప్పింది. ఎడమ చెయ్యి గురి తప్పలేదు. "చూశారా! మగాడి చెయ్యంటే అదీ" అన్నారు.

"ఆఁ, గేరు చెయ్యికి తెలిసింది. అన్నం తినే చెయ్యికి తెలవలా. అందుకే ఎంత తింటున్నారో మీకు తెలీదు" అంది వదిన.

అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట అలాంటి మాట విన్నాం. మా వారు ఆ అమ్మాయిని అడిగారు. "నిజంగా ఆడా మగా తేడా ఉంటుందామ్మా ఇందులో?"

"మగవాళ్ళకి కొంచెం బాగా తెలుస్తుందని కొందరంటారండి. ఏ తేడా లేదని ఇంకొందరంటారు. నా దగ్గరకొచ్చేవాళ్ళల్లో నాకైతే పెద్దగా కనపళ్ళా. కావాలంటే ఈ అమ్మని చూద్దాం" అని నన్ను కూర్చోబెట్టింది. నాకు సిగ్గేసింది. నాకూ అన్నయ్యగారికి వచ్చినట్టే వచ్చింది. "చూశారా, అదే వరస. ఆడా మగా సంగతి ఎట్టా ఉన్నా చేతివాటాన్ని బట్టి మాత్రం చాలామందిలో తేడా కనపడుద్ది. పనిచేసే చెయ్యి కంటిని నమ్ముకుంటుందండి. కూర తరిగేటప్పుడు కత్తిని చూస్తాం గానీ వంకాయ పట్టుకున్న చేతిని చూడం గదా. అందుకని ఆ పట్టుకునే చెయ్యి తనెక్కడుందో తనే తెలుసుకుంటుంది."

"అయితే నాకు తిరగబడాలే" అన్నారు మా వారు. ఆయనది పుర్రచెయ్యి. రాసేది, తినేది అంతా ఎడమ చేత్తోనే. ఒక్కడే మగపిల్లాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు, మా ఇంట్లో అది మామూలైపోయింది. ఆయనకి చూస్తే నిజంగానే తిరగబడింది. కుడి చెయ్యి గురిగా వెళ్ళింది, ఎడమది తప్పింది. ఆ అమ్మాయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

వదిన మాత్రం నవ్వలేదు. ఎడమ చెయ్యి మళ్ళీ తొడ కిందికి వెళ్ళింది. అప్పుడు అడిగింది.

"చిన్నప్పుడు ఒక చెయ్యీ, ఆ తర్వాత రెండో చెయ్యీ అయినోళ్ళకి ఎట్టా ఉంటుందమ్మా?"

"అట్టాంటోళ్ళని నేను చూళ్ళేదమ్మా. మీకు తెలిసినోళ్ళెవరైనా ఉన్నారా?"

"లేదులే. ఊరికే అడిగా."

మర్నాడు మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక నన్ను పిలిచింది.

"అమ్మాయ్, తలుపెయ్యి."

"ఏ తలుపు వదినా?"

"వంటింటిది. గడియ కూడా పెట్టు."

గడియ పెట్టి వచ్చి కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా చెప్పింది. "నాదీ పుర్రచెయ్యే."

ఇన్నేళ్ళుగా ఒకే ఆవరణలో ఉన్నాం. ఎప్పుడూ కనిపెట్టలేదు. ఆవిడే చెప్పుకుంటూ పోయింది. "నాకు ఊహ తెలిసేటప్పటికే అమ్మ పాతచీర పేలిక చించి, అన్నం తినేటప్పుడు ఎడం చెయ్యి మంచం కోడుకి కట్టేసేది. 'పెళ్ళయ్యాక బంతిలో వడ్డించాలే, ఎడం చేత్తో వడ్డిస్తే ఎవడు తింటాడే' అనేది. ఏడ్చి ఏడ్చి అలవాటు చేసుకున్నా. తర్వాత తమ్ముడు పుట్టాడు. వాడూ ఎడం చేత్తోనే అందుకునేవోడు. 'వాడికి కట్టవేమ్మా?' అని అడిగా. 'వాడు వడ్డించాలా ఏంటే' అంది. అంతే."

కోపంగా చెప్పలేదు. ఊళ్ళో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"అమ్మని తప్పనను. నా వడ్డనకి అంత పేరొచ్చింది గదా. కానీ నీకొక నిజం చెప్పనా? గరిటెని చూడకు, మొహం చూడు అని నీకు చెప్పానే, నేనెప్పుడూ ఎవరి మొహమూ చూళ్ళా. గరిటెనే చూసేదాన్ని. చూడకపోతే ఆ చెయ్యి నాకు వచ్చేది కాదు. బంతిలో ఎవరెవరు కూర్చున్నారో కూడా తెలిసేది కాదు. నీకు నేర్పింది, నాకు రానిది."

తర్వాత, "అన్నం పెట్టు" అంది.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసి పెట్టాను. ఆవిడ ఎడమ చెయ్యి సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఇంకోసారి కడుక్కోబోతుంటే నేను చెంబు తీసేసుకున్నాను. చెయ్యి పళ్ళెం దాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వటు తిరుగు" అంది. పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎడమ చేతి గాజులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఉండబట్టలేక తిరిగి చూశాను.

కళ్ళు మూసుకుని తింటోంది. చెయ్యి పళ్ళెం నుంచి నోటికి, నోటి నుంచి పళ్ళేనికి, తడుముకోకుండా వెళ్ళి వస్తోంది. ఒక్క మెతుకు కింద పడలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారి పెదవుల మీదికి వస్తున్నాయి. "పప్పులో ఉప్పెక్కువైంది" అంది కళ్ళు తెరవకుండానే.

"కళ్ళు మూసుకున్నారేం వదినా?"

"చూస్తే సిగ్గేస్తోంది. చూడకపోతే ఆకలేస్తోంది."

మారు వడ్డించాను. అది కూడా తిన్నది. చెయ్యి కడుక్కున్నాక నాచేత మాట తీసుకుంది. ఎవరికీ చెప్పకూడదు, అందులోనూ తమ్ముడికి అసలు తెలియకూడదు అంది. నాకు అర్థం కాలేదు. "ఆయన తినేదే ఎడమ చేత్తో కదా వదినా. ఆయనేమంటారు?" అన్నాను.

"అందుకే. పక్కనే కూర్చుని వాడు ఇన్నేళ్ళు తిన్నాడు. తెలిస్తే ఇహ వాడికి ముద్ద దిగదు."

మరి రోజూ తలుపు వేసుకుంటే ఏమని చెప్పాలి? దానికీ ఆవిడే దారి చూపింది. "నువ్వు కలిపి పెడుతున్నావని చెప్పు. పెట్టించుకుంటుంటే ఎవరైనా చూస్తే సిగ్గని తలుపేసుకుంటున్నామని చెప్పు." నోట్లో పెట్టించుకునేది శవాలన్న మనిషి, ఆ మాట తనంతట తనే మీద వేసుకుంది. నేను అలాగే చెప్పాను. వీధివీధంతా నన్ను పొగిడింది. అన్నయ్యగారు ఒకరోజు నాకు చేతులెత్తి దణ్ణం పెట్టబోయారు. నేను పరుగున లోపలికి వెళ్ళిపోయాను. తలుపు వెనక నుంచి వదిన, "పెట్టించుకో దణ్ణం, ఊరికే వచ్చేది" అని మెల్లగా అంది. ఆవిడ కళ్ళు మాత్రం నవ్వలేదు.

అలా నెలల తరబడి నడిచింది. ఒంటికి కాస్త రక్తం పట్టింది. నందిగామ అమ్మాయి ఒకసారి ఆవిడ ఎడమ చేతి గోళ్ళకి పట్టిన ఆవకాయ ఎరుపు చూసింది. ఆవిడ మొహం వైపు చూసింది. ఆ రోజు నుంచి ఎడమ చేతికి కూడా వ్యాయామాలు చేయించింది. వదినకి ఆ పిల్లంటే ఇష్టం అప్పటి నుంచే.

నాకు మనసులో బెంగగానే ఉండేది. మడీ ఆచారమూ పాటించేదాన్ని, ఎడమ చేతి భోజనానికి కాపలా కాస్తున్నానే అనుకునేదాన్ని. మా దేవుడి గదిలో లక్ష్మీనరసింహస్వామి పటం ఉంది. రోజూ చూసే పటమే. ఒకరోజు దీపం పెడుతూ చూస్తే, ఒడిలో కూర్చున్న అమ్మవారిని స్వామి పొదివి పట్టుకున్నది ఎడమ చేత్తోనే. ఆ తర్వాత నేను బెంగపడలేదు.

కార్తీకంలో వేదాద్రి వెళ్ళాం. మెట్లు దిగి కృష్ణ నీళ్ళు నెత్తిన చల్లుకుని దర్శనానికి వచ్చాం. పూజారిగారు తీర్థం ఇస్తుంటే నేను వదిన పక్కకి జరిగాను. తలుపు లేదు, వెనక జనం ఉన్నారు. వదిన కుడి అరచెయ్యే పట్టింది. తీర్థం పడ్డాక ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. చూపులేనివాళ్ళని చెయ్యి పట్టి రోడ్డు దాటించినట్టు, ఆ కుడి చేతిని మెల్లగా నోటి దాకా నడిపించుకొచ్చింది. చుక్క ఒలకలేదు. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు. వాళ్ళనుకున్నదీ తప్పు కాదు.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు ఆవిడ. ఒకనాటికి తలుపు తీసి అందరి మధ్యా కూర్చుని తింటుందని ఆశపడ్డాను. పోవడానికి కొద్ది రోజుల ముందు కూడా అడిగాను. "మా అమ్మాయి వచ్చినప్పుడు చూద్దాంలే" అంది. కూతురు వచ్చేసరికి నోట్లో బియ్యం వేయడమే మిగిలింది.

ఈ కాగితాలు దేవుడి గదిలో, పటం వెనక పెడుతున్నాను. నా తర్వాత ఎవరికి దొరికినా చింపకండి, దాచండి. ఎవరికీ చూపకండి. మా వారు బతికుండగా ఆయన కంట మాత్రం పడనివ్వకండి. వదిన నన్ను అడిగింది అదొక్కటే.

పెద్దకర్మ రోజు వదిన ఫోటో ముందు విస్తరి వేసి అన్నీ వడ్డించాను. మంచినీళ్ళ గ్లాసు విస్తరికి కుడివైపు పెట్టాను. ఎడమ చేత్తో తినేవాళ్ళకి ఖాళీగా ఉండే చెయ్యి అదే కదా. ఒక పెద్దావిడ వచ్చి, "అటు కాదమ్మాయ్" అని గ్లాసు ఎడమవైపుకి జరిపింది. ఆవిడ వెళ్ళాక మళ్ళీ కుడివైపు పెట్టాను. మా వారు అక్క దగ్గరే తింటానని ఆ విస్తరి పక్కనే తన విస్తరి వేయించుకుని కూర్చున్నారు. గ్లాసు చూసి, "ఈ గ్లాసు నాకెందుకే, నాది ఇక్కడుంది. పరధ్యానంగా ఉన్నావు" అన్నారు. అవునన్నాను. ఆయన ఎడమ చేత్తో పప్పు కలుపుకున్నారు. పక్కన వదిన విస్తరిలో పప్పు మీద వేసిన నెయ్యి పేరుకుంటోంది. రెండు విస్తళ్ళకీ గ్లాసులు కుడివైపే ఉన్నాయి.